రాజపుత్ నౌకయు ఘాజీ నిమజ్జనమును

1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమిరాత్రి విశాఖపట్టణపు రేవుచెంత పాకిస్తాను జలాంతర్గామి యగు ఘాజీ మునిగిపోయెను. అందున్న తొంబదిమందికి బైబడిన నావికులలో నొక్కడును బ్రదుకలేదు. దానిని ముంచినది రాజపుత్ అను భారత విధ్వంసకనౌక యని లోకప్రసిద్ధి. ఈ ప్రసిద్ధికి గల యాధారములు విచారింపదగినవి.

రాజపుత్ స్కాట్లండున జాన్ బ్రౌన్ కంపెనీవారిచే నిర్మింపబడి, 1942లో రోథరాం అను పేర బ్రిటిషు నౌకాదళమున జేరినది. రెండవ ప్రపంచయుద్ధమున హిందూమహాసముద్రమున బనిచేసి, 1949లో భారతదేశమునకు వచ్చి క్రొత్తపేరు దాల్చినది. 1971 నాటికి దానికి ముప్పదియేండ్ల ప్రాయము, యుద్ధనౌకకు వార్ధక్యమే.

ఆ ముదినౌకకే తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ యొక మాయావేషము నప్పగించెను. ఘాజీ నవంబరు 14న కరాచీ విడిచి బంగాళాఖాతమునకు వచ్చుట విమానవాహకనౌక యగు విక్రాంత్‌ను వేటాడుటకే. విక్రాంత్ అండమానులకు రహస్యముగా దరలింపబడగా, రాజపుత్ విశాఖకు దూరమున నిలిచి, విక్రాంతే యచట నున్నదను భ్రాంతి కలుగునట్లు తంతిలేని వార్తలను విరివిగా బంపెను.

డిసెంబరు 3 సాయంకాలమున యుద్ధ మారంభమయ్యెను. అర్ధరాత్రి ప్రాంతమున లెఫ్టినెంటు కమాండరు ఇందర్‌సింగు నాయకత్వమున రాజపుత్ రేవు వెడలుచుండగా, ముందు నీటిపై నొక కలత కానవచ్చెను. వెంటనే నీటిలోతున బ్రేలు బాంబులు రెండు విడువబడెను. కొన్ని నిమిషములకు మహాధ్వని పుట్టెను. తీరవాసులును దానిని వినిరి. వెదకినను శిథిలము లేవియు గానరాక రాజపుత్ తనదారిన బోయెను. కావున శత్రునాశము నెరిగించిన తొలిసాక్షులు రాజపుత్ నావికులు కారు. తేలుచున్న వస్తువులను దెచ్చి చూపిన విశాఖ బెస్తవారు. పిమ్మట గజయీతగాండ్రు దిగి ఘాజీని గుర్తించిరి.

భారత నౌకాదళము ఈ విజయమును రాజపుత్‌నకే యిచ్చినది. లోపలి ప్రేలుడే కాని, తాను పరచిన మైనులే కాని ఘాజీని ముంచినవని పాకిస్తానువారి వాదము. భారత నౌకాధికారులలోను గొందరు లోపలి ప్రేలుడునే కారణముగా దలచిరి. జలాంతర్గామి ముందుభాగము ప్రేలుడుచే ఛిన్నమైయున్నది. మైనులును టార్పెడోలును నుండుచోటును నదియే. బాంబు తాకిడి వానిని రగిల్చెనో, అవి తమంత బ్రేలెనో, ఆ శిథిల మొక్కటియే తేల్చజాలదు. ఈ ఘట్టమునకు సంబంధించిన నౌకాదళపత్రములు నాశనమైనవని 2010లో వార్తాపత్రికలు ప్రకటించుట చరిత్రకు గలిగిన పెద్దనష్టము.

ఐనను రాజపుత్ కీర్తి యా రెండు బాంబులపైననే యాధారపడలేదు. ఘాజీ విశాఖచెంత వేచియుండగా విక్రాంత్ సురక్షితముగా నుండెను. డిసెంబరు 4ననే దాని విమానములు తూర్పుపాకిస్తాను రేవులపై దాడి సలిపెను. ఈ విషయమున వివాదము లేదు. రాజపుత్ 1976లో సేవనుండి విరమించెను. ఘాజీ తన నావికులతో నేటికిని విశాఖ సముద్రగర్భముననే యున్నది.