మోకాలి నెలవంక: వ్యర్థమనబడిన కణజాలము చరిత్ర

మోకాలి కీలునందు తొడయెముకకును, క్రింది కాలియెముకకును నడుమ రెండు మృదులాస్థి ఖండములు కలవు. లోపలివైపున నొకటి, వెలుపలివైపున నొకటి. వీనికి మెనిస్కస్ అని పేరు. గ్రీకుభాషలో దీని యర్థము చిన్న చంద్రుడు. మన నెలవంక యను మాట దీనికి చక్కగా సరిపోవును. ఇవి నిరుపయోగములని వైద్యలోకము చిరకాలము తలచుటయు, ఆ తలపు మారుటయు తెలిసికొనదగిన చరిత్రము.

1883లో ఎడింబరో నగరమున థామస్ ఏనండేల్ అను శస్త్రవైద్యుడు ఊడి జారిన నెలవంకను తీసివేయక, యథాస్థానమున కుట్టి నిలిపెను. కాని ఆ మార్గము నాడు వ్యాపింపలేదు. 1897లో లండను వైద్యుడు బ్లాండ్-సట్టన్ ఇవి కాలి కండరముల ప్రయోజనహీనమైన అవశేషములని వ్రాసెను. పిమ్మట చిరిగిన నెలవంకను పూర్తిగా తొలగించుటయే వాడుక యయ్యెను. నొప్పి తగ్గి రోగి నడచిపోవుచుండుటచే చికిత్స సఫలమైనదనియే తలచిరి.

1948లో ఫెయిర్‌బ్యాంక్ అను ఆంగ్ల వైద్యుడు అట్టి రోగుల మోకాళ్ళను ఎక్స్-రే చిత్రములలో పరిశీలించెను. ఎముకల నడిమి యెడము తగ్గుట, తొడయెముక కొన చదునగుట, అంచున గట్టు పెరుగుట అను మార్పులు కనబడెను. తీసివేసిన వస్తువు ఏదియో పని చేయుచుండెనని దీనివలన తేలినది. ఆ పని యెట్టిదో తెలియుటకు కణజాలమునే పరీక్షింపవలసి వచ్చెను.

దానిలో నూటికి సుమారు 70 పాళ్ళు నీరు. మిగిలిన దానిలో అధికభాగము కొలాజెన్ అను మాంసకృత్తు. తోలునకు బలమిచ్చునదియు ఇదియే. కొలాజెన్ అణువు మూడు పేటలు పెనవేసిన త్రాడువంటిదని 1954, 1955 సంవత్సరములలో ప్రతిపాదించినవారు జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. మనవారనేకులు తరతరములుగా వసించుచున్న మద్రాసు నగరపు విశ్వవిద్యాలయమే వారి కార్యక్షేత్రము. మూడవదియగు ప్రోటియోగ్లైకాన్ స్వల్పమే యైనను నీటిని పట్టియుంచును; కావున భారము పడినపుడు నీరు మెల్లగా మాత్రమే తప్పుకొనును.

1970లో బులో మొదలగువారు కొలాజెన్ పోగుల దిశకును బలమునకును గల సంబంధమును పరీక్షించిరి. అధికభాగము పోగులు నెలవంక వంపు వెంబడి సాగును. కొన్ని మాత్రమే అడ్డముగా పోయి వానిని కట్టియుంచును. వంపు వెంబడి లాగినపుడు ఓర్చు బలము, అడ్డముగా లాగినపుడు ఓర్చు బలమునకు అనేక రెట్లు. పీపాకు చుట్టిన ఇనుపపట్టీ లోపలి ఒత్తిడిని ఆపునట్లు, ఈ పోగులు శరీరభారమున నెలవంక వెలుపలికి జారకుండ ఆపి, ఆ భారమును విశాలమైన తావున పంచును. నెలవంక లేనిచో అదే భారము చిన్న తావున పడి, ఎముకల కొనలనున్న మృదులాస్థిని అరుగదీయును. ఫెయిర్‌బ్యాంక్ చూచిన మార్పులకు కారణమిదియే.

1982లో ఆర్నాక్జ్‌కీ, వారెన్ అనువారు పెద్దలలో వెలుపలి యంచున నూటికి పది మొదలు ముప్పది పాళ్ళ వరకు మాత్రమే రక్తనాళములు కలవని చూపిరి. రక్తమందు చోట చీలిక మానుట కవకాశము హెచ్చు. ఏనండేల్ తొక్కిన త్రోవ ఇట్లు మరల ఆదరమునకు వచ్చినది.

ఇరువదియేండ్ల వయసున నెలవంకను పోగొట్టుకొన్నవారు కొందరు నడివయసునకే మోకాలి యరుగుదలతో బాధపడిరి. కావున మన యిండ్లలో ఎవరికైన నెలవంక చిరిగినదని తెలిసినపుడు, ఎచట చిరిగినది, కుట్టి నిలుప వీలగునా, వ్యాయామముచే తీరునా అని వైద్యుని తప్పక అడుగవలెను. ప్రయోజనము తెలియకుండుట వేరు, ప్రయోజనము లేకుండుట వేరు. ఈ భేదమును గుర్తింపమికి మూల్యము చెల్లించినవారు రోగులే.