కొత్త చేపను పాత తొట్టిలో వదిలే ముందు

మన పెద్దవాళ్లకు రంగుచేపలంటే సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్టే గుర్తు. 1985లో అది కాలిపోయింది. ఇప్పుడు వ్యాసర్పాడి వాళ్లం పెరంబూరు దాటి కొళత్తూరు వెళ్తున్నాం. రంగుచేపల వ్యాపారంలో దేశమంతటా పేరున్న చోటు అది. పిల్లలు అడిగారని రెండు చేపలు కొని, ఇంటికి రాగానే పాత తొట్టిలో వదిలేస్తాం. ఇబ్బంది కనబడేది ఆ సాయంత్రం కాదు, వారం తర్వాత. అప్పటికి ఏళ్ల తరబడి పెంచిన చేపలు కూడా ఒంటినిండా ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లచుక్కలతో రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటాయి.

ఈ తెల్లచుక్కల జబ్బుకు కారణం ఒక పరాన్నజీవి. చుక్క కనబడినప్పుడు అది చేప చర్మం లోపల ఉంటుంది, మందు దాన్ని తాకదు. తర్వాత అడుగుకు రాలి వందల పిల్లలుగా చీలుతుంది. అవి నీళ్లలో ఈదుతూ కొత్త చేపను వెతుక్కునేటప్పుడే మందుకు చస్తాయి. అందుకే చుక్కలు పోయాయని మూడో రోజునే మందు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో నీళ్లు ఒక్కసారిగా చల్లబడితే చేపలు నీరసించి దీనికి ఇంకా తేలిగ్గా దొరుకుతాయి.

దీనికి మందు కంటే వేరు తొట్టి మేలు. 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, ఒక గాలి పంపు, ఒక స్పాంజి ఫిల్టర్ చాలు. ఆ స్పాంజిని మూడు నాలుగు వారాల ముందే పాత తొట్టిలో పెట్టి ఉంచాలి. చేపల మలినం నుంచి పుట్టే అమోనియాను విరిచే బ్యాక్టీరియా దానిలో చేరుతుంది. కొత్త చేపను ఆ టబ్బులో కనీసం మూడు వారాలు, వీలైతే నాలుగు వారాలు ఉంచాలి. వల, మగ్గు విడిగా ఉండాలి. రోజూ ముందు పాత తొట్టి పని, తర్వాతే టబ్బు పని. తిరగేసి చేస్తే తడిచేతులతోనే జబ్బు పాత తొట్టికి చేరుతుంది.

సంచి విషయంలో చాలామంది చెప్పే సలహా ఒకటే: సంచి విప్పి గంటసేపు కొద్దికొద్దిగా తొట్టి నీళ్లు కలపమని. కొళత్తూరు నుంచి అరగంటలో తెచ్చిన చేపకు దానివల్ల పెద్ద నష్టం లేదు. వేరే ఊరి నుంచి పార్సిల్‌లో గంటల తరబడి వచ్చిన చేపకు మాత్రం అది ప్రమాదమే. మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీళ్లు పులుస్తాయి, ఆ పులుపులో అమోనియా అంత విషం కాదు. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, అదే అమోనియా విషంగా మారుతుంది. కాబట్టి సంచిని మూసే ఉంచి 20 నిమిషాలు టబ్బు నీళ్ల మీద తేల్చండి. వేడి సమం అయ్యాక విప్పి, చేపను వలతో తీసి వెంటనే టబ్బులో వదలండి. సంచి నీళ్లు ఎప్పుడైనా సింకులోకే.

మెట్రో నీళ్లలో క్లోరిన్ ఉంటుంది; ఒక రోజు వెడల్పాటి బకెట్‌లో నిలవుంచండి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయండి. బోరు నీళ్లలో ఉప్పదనం వీధివీధికీ మారుతుంది. పాత తొట్టికి వాడే నీళ్లే టబ్బుకూ వాడితే ఆ గొడవ ఉండదు.

చివరికి పాత తొట్టిలో వదిలేది సాయంత్రం, దీపం ఆపి, పాత చేపలకు మేత వేశాక. లోపలి రాళ్లను కాస్త జరిపితే ఎవరి మూల ఏదో పాతవాటికీ తెలియక పోట్లాట తగ్గుతుంది. ఒకసారికి రెండు మూడు చేపలే, తర్వాత రెండు వారాల ఆగుడు. ఫిల్టర్ బ్యాక్టీరియా పెరగడానికి ఆ వ్యవధి కావాలి. నోట్లో పట్టే చేపను పెద్ద చేప మింగుతుంది, ఏంజెల్ పక్కన నియాన్ టెట్రా అందుకే మిగలదు.

నాచు తింటుందని అంటగట్టే ట్యాంక్ క్లీనర్ మాత్రం వద్దు. అది అడుగు దాటి పెరుగుతుంది. ఇప్పటికే ఉండి, తొట్టి చాలకపోతే రెట్టేరిలోనో కాలువలోనో వదలకండి. ఆంధ్రలో దెయ్యం చేప అని చెరువు రైతులు తిట్టుకునేది దీన్నే. కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి.