పాత డిజిటల్ కెమెరా: బాగు చేయించడమా, మార్చడమా?

సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలలో పాత డిజిటల్ కెమెరా కేవలం ఒక వస్తువు కాదు. పెళ్ళిళ్ళు, ఓణీల వేడుకలు, గ్రామదేవత జాతరలు, నేడు కన్నుమూసిన తాతమ్మలు, తాతయ్యలు దానిలోనే చిత్రాలుగా నిలిచారు. బెంగళూరులోనో, చెన్నైలోనో, విశాఖపట్నంలోనో కొన్నది కొందరిదైతే, అమెరికా నుండియో గల్ఫ్ నుండియో బంధువులు తెచ్చి ఇచ్చినది మరికొందరిది. 2000వ దశకంలో కొన్న ఈ కెమెరాలకు ఇప్పుడు పదిహేను, ఇరవై ఏళ్ళ వయస్సు వచ్చినది. బీరువాలో నుండి తీసి మీట నొక్కితే వెలగనప్పుడు బాగు చేయించాలా, మార్చాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. పెద్ద కంపెనీల అధీకృత సర్వీసు కేంద్రాలు ఎక్కువగా నగరాలలోనే ఉండుట వలన, హోసూరు వారికి నలభై కిలోమీటర్ల దూరంలో తీరే పని బళ్ళారి వారికి మూడు వందల కిలోమీటర్ల ప్రయాణమవుతుంది. ఆ ప్రయాణానికి ముందే ఇంటివద్ద తేల్చుకోదగిన విషయాలు చాలా ఉన్నవి.

మొదట చిత్రాలు, తరువాతనే కెమెరా

కెమెరా చెడినా కార్డు సాధారణంగా చెడదు. కార్డును బయటకు తీసి కార్డు రీడరు ద్వారా కంప్యూటరులోనికి చిత్రాలను ఎక్కించుకొని, మరొక చోట ఇంకొక ప్రతిని భద్రపరచిన తరువాతనే మిగిలిన ఆలోచన చేయవలెను. కొన్ని చిన్న కెమెరాలలో కార్డుతో నిమిత్తం లేకుండా లోపలనే కొద్దిపాటి జ్ఞాపకశక్తి ఉంటుంది; కార్డు లేనప్పుడు తీసిన ఫొటోలు అందులో చేరుతాయి. మరమ్మతులో ఇది తుడిచిపెట్టుకుపోవచ్చును. కెమెరా కొద్దిసేపైనా వెలుగుతున్నట్లయితే కేబులు తగిలించి వాటిని ముందుగా దించుకొనుట మేలు.

ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ సంస్థలు 2002లో ప్రవేశపెట్టిన ఎక్స్‌డీ కార్డు, సోనీ వారి మెమరీ స్టిక్ కలిగిన కుటుంబాలకు ఒక చిక్కు ఉన్నది. ఈనాటి లాప్‌టాప్‌లలో వాటికి చోటు లేదు. అయితే అన్ని రకాల కార్డులను చదివే రీడర్లు కొద్ది ధరకే దొరుకుతాయి. కార్డులో చిక్కిన ఫొటోల కోసమే కెమెరాను బాగు చేయించవలసిన అగత్యం లేదు. కార్డు చదవబడకపోతే దానిపై మరల ఫొటోలు తీయరాదు, ఫార్మాట్ చేయరాదు. పై వ్రాత ఏదీ పడనంతవరకు, పోయిన చిత్రాలను రాబట్టే సాఫ్ట్‌వేరుతో వాటిని తిరిగి పొందే అవకాశం ఉంటుంది.

చెడిపోలేదు, ఆకలితో ఉన్నది

చనిపోయినదని మూలన పడవేసిన కెమెరాలలో చాలావాటికి అసలు రోగం బ్యాటరీయే. పెన్సిల్ సెల్లులతో నడిచే కెమెరాకు గడియారంలోను టార్చిలోను వాడే చౌక జింకు సెల్లులు పనికిరావు. అవి కొత్తవైనా ఫ్లాషు, లెన్సు మోటారు కోరే విద్యుత్తును ఇవ్వలేక నిమిషాలలో చేతులెత్తేస్తాయి. మరల ఛార్జి చేయగల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు 1.2 వోల్టులే అయినప్పటికీ ఆ బరువును మోయగలవు. సెల్లులు లోపలే ఉండిపోయి కారిన తెల్లని పొడి కనబడితే, దూదిపుల్లను కొద్దిగా నిమ్మరసంలో ముంచి లోహపు పలకలను తుడిచి, పొడి గుడ్డతో తేమ లేకుండా ఆరబెట్టవలెను. ఇరవై రూపాయలు కూడా కాని ఈ పని ఎన్నో కెమెరాలను లేపి కూర్చోబెట్టినది.

లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. అది ఉబ్బి గూటిలో ఇరుక్కున్నట్లయితే సూదులతో, స్క్రూడ్రైవరుతో పెకలించరాదు. గుచ్చుకుంటే మంటలు రేగవచ్చును. కెమెరా తెరచిన ప్రతిసారీ తేదీ అడుగుతున్నదంటే లోపలి చిన్న గడియారపు బ్యాటరీ అయిపోయినదని అర్థం. ఫొటోలు తీయుటకు అది అడ్డు కాదు.

కార్డు విషయంలో మరొక పొరపాటు తరచుగా జరుగుతుంది. పాత ఎస్డీ ప్రమాణం 2 జీబీ వరకే. 4 నుండి 32 జీబీల ఎస్డీహెచ్‌సీ 2006లోను, అంతకు మించిన ఎస్డీఎక్స్‌సీ 2009లోను వచ్చినవి. 2005లో కొన్న కెమెరాలో నేటి 64 జీబీ కార్డు పెట్టి, అది చదవలేదని కెమెరాను నిందించుట న్యాయం కాదు.

నిజమైన జబ్బులు

ఫొటోలు ఊదారంగుకు తిరుగుట, అడ్డగీతలు పడుట, తెర నల్లబడుట కనిపిస్తే సెన్సరును అనుమానించవలెను. ఇందుకు చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. 2000వ దశకం తొలినాళ్ళలో సోనీ తయారు చేసిన కొన్ని సీసీడీ సెన్సర్లు వేడిమి, తేమ గల చోట్ల చెడిపోతున్నట్లు 2005లో బయటపడినది. అవి సోనీ కెమెరాలలోనే గాక కెనన్, నికాన్, ఫ్యూజీఫిల్మ్, ఒలింపస్ మొదలగు వారి నమూనాలలోను ఉండుటచే ఆ సంస్థలు ఉచితంగా మార్చి ఇచ్చాయి. ఆ సదుపాయపు కాలం చెల్లినది. నేడు అట్టి చిన్న కెమెరాకు సెన్సరు మార్పించుట లాభసాటి కాదు.

లెన్సు సగం బయటకు వచ్చి నిలిచిపోయి, తెరపై లెన్సు దోషమని చూపుట చిన్న కెమెరాలకు సామాన్యమైన వ్యాధి. పాత కెనన్ పవర్‌షాట్ వాడినవారికి 'ఈ18' అన్న అక్షరాలు గుర్తుండే ఉంటాయి. గోపాల్‌పూర్ సముద్రతీరపు ఇసుక రేణువు ఒకటి గొట్టంలో చేరినా చాలును. మెత్తని బ్రష్షుతోను, గాలి బల్బుతోను దులిపి, నిండు ఛార్జి గల బ్యాటరీ వేసి చూడవచ్చును. బలవంతంగా లోపలికి నెట్టితే పళ్ళచక్రాలు విరుగుతాయి. ఇంటివద్ద మరలు విప్పి చూచుట అంతకంటె ప్రమాదకరం: ఫ్లాషుకు విద్యుత్తునందించే కెపాసిటరులో సుమారు 300 వోల్టులు నిలువ ఉంటాయి, బ్యాటరీ తీసిన తరువాత కూడా చాలాసేపు అవి పోవు.

నీటిలో పడినదానిని వెంటనే ఆన్ చేసి చూచుటే పెద్ద తప్పు. బ్యాటరీ, కార్డు తీసి, మూతలన్నీ తెరచి రోజుల తరబడి గాలికి ఆరనివ్వవలెను. ఉప్పునీటిలో మునిగినదైతే దానిపై డబ్బు పెట్టనవసరం లేదు. ఆరినట్లు కనబడినా లోపలి రాగితీగలను ఉప్పు తింటూనే ఉంటుంది.

బూజు సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. యానాం, గంజాం తీరం వంటి తేమ ప్రదేశాలలోను, వానలు దండిగా కురిసే గడ్చిరోలి వైపున కూడ కెమెరాలకు అసలు శత్రువు ఇదే. రాయచూరు, బళ్ళారి వారికి దుమ్ము బాధ ఎక్కువ, బూజు బాధ తక్కువ. లెన్సులోనికి టార్చి వెలుగును ఏటవాలుగా వేసి చూస్తే సాలీడు దారాల వంటి సన్నని పోగులు కనబడతాయి. తొలిదశలో ఫొటోలలో ఏమీ తెలియదు. ముదిరితే వెలుగుకు ఎదురుగా తీసిన చిత్రాలు పాలు పోసినట్లు తెల్లబడతాయి. బూజు విడుదల చేసే ఆమ్లం అద్దంపై పూతను తినివేస్తుంది కనుక, ముదిరిన తరువాత శుభ్రం చేయించినా మచ్చ మిగిలిపోతుంది. విప్పుటకు వీలైన ఎస్సెల్లార్ లెన్సుకు తొలిదశలో శుభ్రం చేయించుట తగినదే. చిన్న కెమెరాలో మాత్రం లెన్సు భాగమంతా విప్పవలసి వచ్చును గనుక కూలియే కెమెరా ధరను మించగలదు.

దీనికి మూలకారణం తరచుగా ప్రేమే. తోలు సంచిలో పెట్టి, గుడ్డ చుట్టి, బట్టల బీరువాలో అడుగున దాచుతారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. చీకటిలో బూజు హాయిగా పెరుగుతుంది. గట్టి మూత గల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, నెలకొకసారైనా బయటకు తీసి నాలుగు ఫొటోలు తీయుట ఉత్తమం. రంగు మారిన జెల్‌ను సుమారు 120 డిగ్రీల వేడిలో ఆరబెడితే మరల పనిచేస్తుంది. నీలిరంగు జెల్‌లో కోబాల్టు లవణం ఉండుటచే వంటపాత్రలలో దానిని వేయించరాదు, పిల్లలకు అందనీయరాదు.

అన్ని ఫొటోలలోను ఒకే చోట నల్లని చుక్క కనబడితే అది బూజు కాదు, సెన్సరుపై ధూళి. ఎస్సెల్లార్లలో దానిని శుభ్రం చేయించుట చిన్న ఖర్చు. నోటితో ఊదరాదు, తుంపరలు పడితే పని పెరుగుతుంది.

లెక్క వేయు విధం

ఎస్సెల్లార్ కెమెరాల షట్టరుకు తయారీదారులు ఒక పరీక్షించిన పరిమితిని ప్రకటిస్తారు. 2008లో వచ్చిన నికాన్ డీ90కి అది ఒక లక్ష మార్లు. పెళ్ళి ఫొటోలు తీసే పల్లెటూరి స్టూడియో వారు దానిని కొద్ది సంవత్సరాలలో దాటగలరు; ఇంటి వాడకానికి జీవితకాలం చాలును. అందువలన ఒకే నమూనాకు ఒకే సలహా ఇద్దరికీ పనికిరాదు. ముహూర్తం వేళ కెమెరా నిలిచిపోతే స్టూడియో వారికి పోయేది మరమ్మతు ఖర్చు మాత్రమే కాదు, ఊరిలో మాట కూడా.

ఉదాహరణకు ఒక పాత ఎస్సెల్లార్ షట్టరు మార్పుకు 6,000 రూపాయలు అంచనా ఇచ్చారనుకుందాం. ఇచ్చుటకొకసారి, తెచ్చుకొనుటకొకసారి ప్రయాణాలు, పోయిన రోజుకూలి కలిపి 2,000 అనుకుంటే మొత్తం 8,000. పనిచేస్తున్న అదే నమూనా పాతది 9,000కు దొరుకుతున్నదనుకుంటే, ఇంటి కెమెరాకు మరమ్మతు తగదు; ఏడాది తిరగకుండా మరొక భాగం చెడవచ్చును. మొత్తం ఖర్చు అట్టి పాతదాని వెలలో సగానికి లోపుగా ఉంటేనే చేయించుట సబబు. మరమ్మతు వద్దనుకుంటే కేవలం చూచినందుకు ఎంత తీసుకుంటారో ముందుగానే ఫోనులో అడగవలెను. కొన్నిచోట్ల ఆ రుసుము చిన్నది కాదు.

విడిభాగాల లభ్యత మరొక మెట్టు. కోనికా మినోల్టా 2006లో కెమెరాల వ్యాపారాన్ని విడిచినది. కొడాక్ డిజిటల్ కెమెరాల తయారీని 2012లో ఆపినది. కాసియో 2018లో చిన్న కెమెరాలకు స్వస్తి చెప్పినది. ఒలింపస్ కెమెరా విభాగం 2021లో చేతులు మారినది. అట్టివాటికి చెడిన మరొక కెమెరా నుండి తీసిన భాగమే గతి. అయితే ఇటీవలి ఏళ్ళలో ఆ కాలపు చిన్న కెమెరాల రంగులపై నగర యువతకు మోజు పుట్టి, వాటి ధరలు పెరిగినవి. పనిచేసే పాత కెమెరాను పాత ఇనుము వానికి వేసే ముందు ఒకమారు విచారించుట మంచిది.

మార్చదలచినప్పుడు

ఇంటి ఫొటోలకు మంచి ఫోను ఈనాడు చాలును. దూరాన ఉన్న రథాన్ని దగ్గరకు లాగి తీయుటకు, రాత్రి జాతరలో కదిలే మనుషులను తీయుటకు, పెద్ద ఆల్బమ్ ముద్రణకు మాత్రం పెద్ద సెన్సరు గల కెమెరాదే పైచేయి. మంచి లెన్సులు ఉన్నవారు వాటిని బట్టి కెమెరాను ఎంచుకోవలెను. నికాన్, కెనన్ మిర్రర్‌లెస్ కెమెరాలకు పాత లెన్సులను తగిలించే అడాప్టర్లు ఉన్నవి. కాని స్వంత మోటారు లేని పాత నికాన్ లెన్సులకు ఎఫ్‌టీజడ్ అడాప్టరుపై ఆటోఫోకస్ పనిచేయదు.

వెనుకటి వ్యాట్ కాలంలో రాష్ట్రానికొక పన్ను ఉండుటచే సరిహద్దు దాటి కొనుట ఒక అలవాటుగా ఉండేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన తరువాత ఆ తేడా పోయినది. డిజిటల్ కెమెరాలపై పన్ను 2019 జనవరి 1 నుండి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గినది. అది హోసూరులోను, కుప్పంలోను ఒక్కటే. ఇక బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామనే మాటకు లొంగుట వలన వారంటీ పోవుట తప్ప మిగిలేదేమీ లేదు. విదేశాల నుండి తెచ్చిన కెమెరాకు ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చును.

మరమ్మతుకిచ్చేటప్పుడు కెమెరా వరుస సంఖ్య, ఇచ్చిన వస్తువులు, చెప్పిన లోపం వ్రాసిన రసీదు తీసుకోవలెను. కార్డును ఇంటివద్దనే ఉంచవలెను. పొరుగు రాష్ట్రంలో అన్యాయం జరిగితే అక్కడికే పోయి తగవు పెట్టుకోవాలన్న భయం చాలమందికి ఉన్నది. 2020 జూలై నుండి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. గడువు రెండేళ్ళు. కమిషన్ వరకు పోవుటకు ముందు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చును.

ఇక పనికిరానిదని తేలిన కెమెరా నుండి బ్యాటరీని వేరు చేసి, దాని లోహపు మొనలకు టేపు అంటించి, రెండింటినీ ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించవలెను. పెంటకుప్పలో వేసి కాల్చరాదు. ఛార్జరును, కేబులును మాత్రం పారవేయరాదు. అదే నమూనా వాడుతున్న మరొక ఇంటివారు వాటి కోసమే వెతుకుతూ ఉండవచ్చును.