వరదలో ఇల్లు పోయిందా.. అద్దెకు దిగే ముందు ఇవి చూసుకోండి!

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం రూ.25 వేలు ప్రకటించింది. ఇలాంటప్పుడు చేతిలో ఉన్న కాస్త డబ్బు అడ్వాన్స్‌కే పోకూడదంటే తొందరపడొద్దు.

* గోడలపై నీటి చారలు చూడండి. వరద ఎంత ఎత్తు వచ్చిందో పక్కింటి వాళ్లను అడగండి.
* ఇల్లు చూడకుండా టోకెన్ అంటూ ఆన్‌లైన్‌లో డబ్బులు పంపొద్దు.
* అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత కోస్తారో అగ్రిమెంట్‌లో రాయించుకోండి.
* అగ్రిమెంట్, అద్దె రసీదులు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

వరద సాయం కోసం అధికారులు ఇంటింటి సర్వే చేస్తారు. ఆ ఇంట్లో ఉంటున్నది మీరేనని చూపించడానికి ఆ కాగితాలే పనికొస్తాయి.