తుంటి విరుగుళ్ల శస్త్రచికిత్స: రక్తస్రావ నియంత్రణ చరిత్ర

వృద్ధులు జారిపడితే తరచు విరిగేది తొడ ఎముక మెడ. విరిగిన బంతి భాగాన్ని తీసేసి లోహపు బంతి అమరిస్తే సగం మార్పిడి, అది కూర్చునే కటి ఎముక గిన్నెను కూడా మారిస్తే పూర్తి మార్పిడి. కోసిన ఎముక లోపలి నుంచి ఊరే నెత్తురును ఆపాలంటే ముడివేయడానికి రక్తనాళం చేతికి దొరకదు. నెత్తురు కారితే ప్రమాదం. కాలి సిరల్లో గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే ఈ చికిత్స చరిత్ర.

ఒకప్పుడు కాలికి బరువు కట్టి నెలల తరబడి పడుకోబెట్టేవారు. చాలామంది న్యుమోనియాతోనో, పడక పుండ్లతోనో పోయేవారు. 1925లో బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ మూడు రెక్కల మేకుతో ఎముకను అతికించారు. 1950లలో ఆస్టిన్ మూర్, థాంప్సన్‌ల లోహపు బంతులు వచ్చాయి. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ సిమెంటుతో బిగించే పూర్తి కీలును స్థిరపరిచారు. సిమెంటు నొక్కేటప్పుడు మజ్జలోని కొవ్వు రక్తంలోకి చేరి బీపీ పడిపోయే చిక్కు దానితోపాటే వచ్చింది.

రక్తం పలచబరిచే మందు ఇవ్వడానికి సర్జన్లు జంకేవారు. 1959లో బర్మింగ్‌హామ్ వైద్యులు సెవిట్, గాలగర్ తుంటి విరిగిన 300 మందిలో సగం మందికి ఫెనిన్‌డయోన్ అనే అలాంటి మందు ఇచ్చి చూశారు. వారిలో గడ్డలూ మరణాలూ తగ్గాయి. అప్పటి భయాన్ని తలచుకుంటే అది సాహసమే.

రెండో వైపు, అంటే నెత్తురు కారడానికి, జవాబు జపాన్ నుంచి వచ్చింది. యుద్ధానంతరపు లేమిలో ఉతాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే పరిశోధనకు రక్తాన్ని ఎంచుకున్నారు. చాలకపోతే తమ నెత్తురే వాడుకోవచ్చని! 1962లో వారు ప్రకటించిన ట్రానెక్సామిక్ ఆమ్లం కొత్తగా గడ్డ కట్టించదు. కట్టిన గడ్డను కరిగించే ప్లాస్మిన్‌కు అడ్డుపడుతుంది, అంతే. ఉతాకో దాన్ని కోరుకున్నది కాన్పులో నెత్తురు పోయే బాలింతల కోసం. ఆమె ఆశ ఎముకల ఆపరేషన్ గదుల్లోనూ ఫలించింది. రక్తం ఎక్కించే అవసరం తగ్గింది.

ఎంత రక్తం ఎక్కించాలన్న ప్రశ్నకు 2011 నాటి ఫోకస్ పరీక్ష జవాబిచ్చింది. తుంటి ఆపరేషన్ అయిన 2,016 మందిలో హిమోగ్లోబిన్ 10 గ్రాముల లోపుకు పడగానే ఎక్కించినా, 8 లోపుకు వచ్చేదాకా ఆగినా మరణాల్లో, నడకలో తేడా రాలేదు.

ఇప్పుడు ఆసుపత్రికి వచ్చే పెద్దల్లో చాలామంది గుండె జబ్బుకు రక్తం పలచబడే బిళ్లలు ముందే వాడుతుంటారు. ఏ బిళ్ల, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారన్నది వెంట వచ్చినవారు మొదటి గంటలోనే డాక్టరుకు చెప్పాలి.