కట్టకి ఎన్ని గ్రాములు?

గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం గింజల కొలతలు. పలం, వీశ బెల్లానికీ చింతపండుకీ తూకాలు. ఆకుకూరకి మాత్రం కట్ట, గుప్పెడు, రెబ్బ. 1956 నాటి తూనికలు కొలతల చట్టం 1958 నుంచి విడతలుగా అమలై, వీశనీ కుంచాన్నీ బజారు నుంచి తప్పించింది. కట్ట మాత్రం మిగిలింది. ఉక్కుని టన్నుల్లో లెక్కపెట్టే విశాఖలో కూడా, పూర్ణా మార్కెట్‌కి వెళ్తే గోంగూర ఇప్పటికీ కట్టల్లెక్కే.

ఆకు తూకానికి ఓ పట్టాన లొంగదు మరి. నీళ్లు చల్లితే బరువు పెరుగుతుంది, ఎండ తగిలితే తగ్గుతుంది. కప్పుతో కొలిస్తే ఇంకో తంటా. వదులుగా పోస్తే కప్పు కొత్తిమీర సుమారు 16 గ్రాములు, అదిమితే అంతకన్నా చాలా ఎక్కువ. గోంగూరకైతే కాడలు తీసేశాక మిగిలిందే లెక్క.

అమ్మ వంటలు రాసిపెడుతున్నాను. ఆమె చెప్పిన "రెండు కట్టలు" కొట్టేయకుండా, పక్కనే వలిచిన ఆకు బరువు గ్రాముల్లో వేస్తున్నాను, వాడకముందే తూచి. కప్పులు రాయడం లేదు. కట్ట సైజు బజారుని బట్టి మారుతుంది. అమ్మ చూపుతోనే సరిచేసుకుంటుంది. నా తర్వాత వండేవాళ్లకి ఆ అంకె కావాలి.