వరాఛా వజ్రాలు, అమెరికా సుంకాలు: కన్జర్వేటివుల మధ్య తగవు ఏమిటి?

సూరత్ నగరంలోని వరాఛా వజ్రాల పనికి పేరుపొందిన ప్రాంతం. అక్కడి మినీ బజార్‌లో వ్యాపారులు చిన్న కాగితపు పొట్లాల్లో రాళ్లు పెట్టుకుని బేరాలాడుతుంటారు. చుట్టుపక్కల వీధుల్లోని కార్ఖానాల్లో, సౌరాష్ట్రలోని భావ్‌నగర్, అమ్రేలీ జిల్లాల నుంచి వలస వచ్చిన కుటుంబాలవారు సానచక్రాల ముందు కూర్చుని పని చేస్తారు. గుజరాత్‌లో వీరిని ‘రత్నకళాకారులు’ అంటారు. ప్రపంచంలో సానబట్టే ప్రతి పది వజ్రాల్లో సుమారు తొమ్మిది సూరత్‌లోనే తయారవుతాయని అంచనా. వాటికి అతిపెద్ద మార్కెట్ అమెరికా.

ఆ అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి భారతీయ సరుకులపై 50 శాతం సుంకం అమలు చేసింది. విధించింది కన్జర్వేటివ్ పార్టీగా పేరున్న రిపబ్లికన్ల ప్రభుత్వం. దాన్ని గట్టిగా తప్పుపట్టినవారిలోనూ పేరుమోసిన కన్జర్వేటివులున్నారు. ఈ అంతర్గత తగవు అర్థం కాకపోతే వరాఛా మీద పడిన దెబ్బా పూర్తిగా అర్థం కాదు.

సుంకం ఎలా పెరిగింది?

సానబట్టిన విడి వజ్రాలపై అమెరికాలో అంతకుముందు దిగుమతి సుంకం లేదు. 2025 ఏప్రిల్ 2న అధ్యక్షుడు ట్రంప్ ‘ప్రతిచర్య సుంకాలు’ ప్రకటించి భారత్‌కు 26 శాతం నిర్ణయించారు. వారం తిరగకుండానే దాన్ని నిలిపివేసి, 10 శాతం మాత్రం వసూలు చేశారు. ఆగస్టు 7 నుంచి అది 25 శాతమైంది. రష్యా చమురు కొంటున్నందుకు శిక్షగా మరో 25 శాతం ఆగస్టు 27న తోడైంది. అంటే అయిదు నెలల్లోపే సున్నా నుంచి 50 శాతానికి చేరింది. అప్పుడు వెయ్యి డాలర్ల రాయిని దిగుమతి చేసుకునే న్యూయార్క్ వ్యాపారి 500 డాలర్లు అక్కడి ఖజానాకు కట్టాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఆ భారంలో కొంత మీరే భరించండని సూరత్ అమ్మకందారుని అడగాలి, లేదా అప్పట్లో 15 శాతం సుంకమే ఉన్న ఇజ్రాయెల్ వైపు చూడాలి.

ఈ సుంకాలకు ముందు అమెరికాకు మన రత్నాలు, ఆభరణాల ఎగుమతి ఏటా సుమారు 1,000 కోట్ల డాలర్లు ఉండేది. ఈ పరిశ్రమ మొత్తం ఎగుమతుల్లో అది అప్పట్లో దాదాపు మూడో వంతు.

ఒకే పార్టీలో రెండు సంప్రదాయాలు

కన్జర్వేటివులంటే స్వేచ్ఛా వాణిజ్యానికి కట్టుబడ్డవారని మనలో చాలామంది అనుకుంటాం. చరిత్ర అంత సూటిగా లేదు. లింకన్ కాలం నుంచి 20వ శతాబ్దం మధ్య దాకా అధిక సుంకాల పార్టీ రిపబ్లికన్లదే. 1890 నాటి సుంకాల చట్టానికి మెకిన్లీ పేరు, 1930 నాటి చట్టానికి స్మూట్, హాలీల పేర్లు వచ్చాయి. ముగ్గురూ రిపబ్లికన్లే. మహామాంద్యంలో ప్రపంచ వాణిజ్యం మరింత కుంగడానికి 1930 చట్టం దోహదం చేసిందన్న అభిప్రాయం బలపడ్డాక ఆ ధోరణి వెనక్కి తగ్గింది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత మిల్టన్ ఫ్రీడ్‌మన్ వంటి ఆర్థికవేత్తలు, రేగన్ వంటి నాయకులు స్వేచ్ఛా వాణిజ్యాన్ని పార్టీ సిద్ధాంతంగా నిలిపారు. అయితే రేగన్ కూడా 1983లో పెద్ద మోటార్‌సైకిళ్లపై, 1987లో కొన్ని జపాన్ ఎలక్ట్రానిక్ వస్తువులపై సుంకాలు వేశారు. 1987లోనే రేడియో ప్రసంగంలో సుంకాల వల్ల జరిగే కీడు గురించి హెచ్చరించారు. కెనడాలోని ఒంటారియో ప్రభుత్వం 2025 అక్టోబరులో ఆ ప్రసంగాన్ని ప్రకటనగా వాడుకుంది. దాంతో ట్రంప్ కెనడాతో చర్చలే ఆపేశారు. రేగన్ వారసత్వం ఎవరిదన్న ప్రశ్న అక్కడ ఎంత సున్నితమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

పాత రక్షణవాదాన్ని మళ్లీ తట్టి లేపింది పాట్రిక్ బుకానన్. 1992, 1996 రిపబ్లికన్ ప్రైమరీల్లో పోటీ చేసి, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు అమెరికన్ కార్మికుడి పొట్టకొట్టాయని వాదించారు. నేటి ట్రంప్ విధానానికి ఆ వాదన ముందడుగు.

నాలుగు వాదనలు, వజ్రం లెక్క

సుంకాలను సమర్థించే కన్జర్వేటివ్ వ్యాఖ్యాతల వాదనలు ప్రధానంగా నాలుగు. వాటిని వరాఛా సరుకుకు అన్వయించి చూడాలి.

మొదటిది ఉపాధి. దిగుమతులు ఖరీదైతే కర్మాగారాలు తిరిగివస్తాయని రాబర్ట్ లైట్‌హైజర్, ఓరెన్ కాస్ వంటివారు అంటారు. ఉక్కు, కార్ల విషయంలో దీనిపై వాదించడానికి ఆస్కారం ఉంది. వజ్రాల విషయంలో లేదు. అమెరికాలో చెప్పుకోదగ్గ వజ్రాల గనులు లేవు. న్యూయార్క్‌లో ఖరీదైన పెద్ద రాళ్లకు సానబట్టే కొద్దిమంది నిపుణులే మిగిలారు. సూరత్‌లో చేసే చిన్న రాళ్ల పని అక్కడి కూలి రేట్లకు గిట్టుబాటు కాదు.

రెండోది ఒత్తిడి. సుంకం చూపి రష్యా చమురు మాన్పించవచ్చన్నది ట్రంప్ సలహాదారు పీటర్ నవారో వాదన. ఉక్రెయిన్ యుద్ధాన్ని ‘మోదీ యుద్ధం’ అని కూడా ఆయన అన్నారు. చమురు కొనేది రిఫైనరీలు. ఆ నిర్ణయంలో సాన కార్మికుడికి ఏ పాత్రా లేదు. అదే చమురు ఎక్కువగా కొనే చైనాకు ఈ శిక్ష పడలేదన్నది మరో అభ్యంతరం. రిపబ్లికన్ నేత నిక్కీ హేలీ ఆగస్టులో రాసిన వ్యాసంలో ఈ మాటే ఎత్తిచూపి, చైనాను ఎదుర్కోవాలంటే భారత్‌ను దూరం చేసుకోకూడదని చెప్పారు.

మూడోది ఆదాయం. ఖజానాకు డబ్బు వచ్చే మాట నిజమే. కానీ కట్టేది అమెరికన్ దిగుమతిదారు. అంతిమంగా ఉంగరం కొనేవారి మీద, లేదా వరాఛా కూలి మీద పడుతుంది.

నాలుగోది పరస్పరత. భారత్ తన సుంకాలు ఎక్కువగా ఉంచి, ఇతరుల నుంచి తక్కువ ఆశిస్తోందన్న ఫిర్యాదులో పస ఉంది. మన సుంకాల సగటు అమెరికా కంటే చాలా ఎక్కువ. ఈ వాదనకు మన దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి.

అవతలి పక్షంలో వాల్ స్ట్రీట్ జర్నల్ సంపాదకవర్గం, నేషనల్ రివ్యూ, బెన్ షపీరో, ఆర్థికవేత్త థామస్ సోవెల్ ఉన్నారు. కెనడా, మెక్సికోలపై సుంకాల వేళ ఆ జర్నల్ దాన్ని చరిత్రలోనే అతి తెలివితక్కువ వాణిజ్య యుద్ధమంది. ధరల ఒత్తిడికి ప్రభుత్వం కూడా కొంత తగ్గింది. 2025 నవంబర్ 14న కాఫీ, టీ, అరటి, సుగంధ ద్రవ్యాల వంటి వాటిని ప్రతిచర్య సుంకాల నుంచి మినహాయించింది. తమ దగ్గర పండని సరుకు మీద సుంకం తమ వినియోగదారుకే భారమని ఒప్పుకోవడమే ఇది. వజ్రానికీ అదే తర్కం వర్తిస్తుంది.

కోర్టుకెక్కిన సిద్ధాంతం

ఈ సుంకాలకు ఆధారంగా చూపింది 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టాన్ని. పన్ను వేసే అధికారం రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌దన్నది కన్జర్వేటివుల పాత సూత్రం. దాన్నే ఆయుధంగా పట్టుకుని చిన్న దిగుమతిదారుల తరఫున లిబర్టీ జస్టిస్ సెంటర్ దావా వేసింది. మే 28న అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం, ఆగస్టు 29న అప్పీలు కోర్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చాయి. మే తీర్పు ఏకగ్రీవం. ఆ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరిని రేగన్, మరొకరిని స్వయంగా ట్రంప్ నియమించారు. నవంబర్ 5న సుప్రీంకోర్టు వాదనలు విన్నప్పుడు రాబర్ట్స్, గోర్సచ్, బారెట్ వంటి కన్జర్వేటివ్ న్యాయమూర్తులే ప్రభుత్వ న్యాయవాదిని సందేహాలతో నిలదీశారు.

నేరమంతా సుంకానిదేనా?

కాదు. వరాఛా కష్టాలు అంతకుముందే మొదలయ్యాయి. చైనాలో గిరాకీ పడిపోయింది. ప్రయోగశాల వజ్రాలు సహజ వజ్రాల ధరను దెబ్బతీశాయి. ఆ ప్రయోగశాల వజ్రాల తయారీలోనూ సూరత్‌దే ముందు వరుస. 2024 మార్చిలో బైడెన్ ప్రభుత్వం, మిగతా జీ-7 దేశాలు రష్యా ముడిరాళ్లతో చేసిన ఒక క్యారట్, ఆపై వజ్రాలను ఇతర దేశాల్లో సానబట్టినా రానివ్వబోమన్నాయి. 50 శాతం సుంకానికి మూడు నెలల ముందే, 2025 మేలో, గుజరాత్ ప్రభుత్వం పని కోల్పోయిన రత్నకళాకారుల పిల్లల బడి ఫీజుకు ఏడాదికి రూ.13,500 వరకు సాయం ప్రకటించాల్సి వచ్చింది. చాలామందికి కూలి రాళ్ల లెక్కన వస్తుంది. కార్ఖానా మూతపడకపోయినా, ముడిరాళ్లు తగ్గితే ఆ నెల ఇంటికి వచ్చే డబ్బు తగ్గినట్టే.

తెలుగువారికి ఇందులో ఏముంది?

సూరత్‌లోనే లింబాయత్ వంటి ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి నేత కుటుంబాలు స్థిరపడ్డాయి. వజ్రాల పని మందగిస్తే ఆ నగరంలో కిరాణా నుంచి అద్దె ఇంటి దాకా అన్నిటా ప్రభావం కనిపిస్తుంది. ఆంధ్రలో రొయ్యల రైతుకు ఇదే 50 శాతం తగిలింది. హైదరాబాద్ ఔషధాలకు ఆగస్టు సుంకాల నుంచి మినహాయింపు దొరికింది. సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బి దరఖాస్తులపై వేసిన లక్ష డాలర్ల రుసుము కూడా బుకానన్ నాటి ఆలోచన నుంచి వచ్చిందే: విదేశీ సరుకైనా, విదేశీ ఉద్యోగైనా అమెరికన్ కార్మికుడికి పోటీ అన్న దృష్టి.

కాబట్టి అమెరికన్ కన్జర్వేటివ్ వ్యాఖ్యానాన్ని చదివేటప్పుడు భారత్‌ను మెచ్చుకున్నారా, తిట్టారా అని చూడటం వల్ల ఒరిగేది తక్కువ. మార్కెట్‌ను నమ్మే పక్షమా, సరిహద్దును నమ్మే పక్షమా అని చూడాలి. భారత్‌ను పొగిడే సరిహద్దువాది సుంకం తగ్గించకపోవచ్చు. మన గురించి పెద్దగా పట్టించుకోని మార్కెట్‌వాది వాదనే రేపు వరాఛాకు పని తెచ్చిపెట్టవచ్చు.